థాయ్ అరణ్య విహారంలో అతిథిగా కొన్నాళ్లు: బయల్దేరే ముందు నుంచి తిరిగొచ్చేదాకా

థాయ్‌లాండ్ ఈశాన్యాన, ఉబోన్ రాచథానీ పట్నానికి పదిహేను కిలోమీటర్ల దూరంలో బుంగ్ వాయ్ అనే పల్లె ఉంది. ఆ ఊరివాళ్లు శవదహనాలు చేసుకునే చిట్టడవిలోకి 1975లో కొందరు విదేశీ భిక్షువులు వచ్చారు. వాళ్లు ఉండిపోదామని రాలేదు. ఇనుప భిక్షాపాత్ర తుప్పు పట్టకుండా ఉండాలంటే మంటలో కాల్చాలి, దానికి కట్టెలు కావాలి. ఆ పని మీద వచ్చినవాళ్లను ఊరివాళ్లే ఇక్కడే ఉండిపొమ్మని అడిగారు. వాళ్ల థాయ్ గురువు ఆజాన్ చా సరేనన్నారు. అలా మొదలైందే వాట్ పా నానాచాట్, అంటే అంతర్జాతీయ అరణ్య విహారం. మొదటి అధిపతి అమెరికన్ భిక్షువు ఆజాన్ సుమేధో. అక్కడ బోధన ఇంగ్లిష్‌లో సాగుతుంది కాబట్టి థాయ్ భాష రాకపోయినా ఇబ్బంది లేదు.

ఇలాంటి విహారంలో గృహస్థులు కూడా కొన్నాళ్లు ఉండవచ్చు. మతం మారనక్కర్లేదు, ఫీజు కట్టనక్కర్లేదు. ఈ మార్గదర్శి అలా ఉండాలనుకునేవాళ్ల కోసం. నానాచాట్‌నే ఉదాహరణగా తీసుకున్నాను కానీ, ఆజాన్ చా పరంపరకు చెందిన ఇతర విహారాల్లోనూ పద్ధతి ఇంచుమించు ఇదే. ఇంగ్లండ్‌లో ఉన్నవాళ్లకు హెర్ట్‌ఫర్డ్‌షైర్‌లో 1984లో పెట్టిన విహారం ఉంది, దాని పేరు మన అమరావతి పేరే. కాలిఫోర్నియాలో ఉన్నవాళ్లకు రెడ్‌వుడ్ వ్యాలీలో అభయగిరి ఉంది.

ఒక మాట ముందే చెప్పాలి. చాలామంది ధ్యానం నేర్చుకుందామని వెళ్లి, చీపురు పట్టించారని, గిన్నెలు తోమించారని, ధ్యానం గురించి రోజుకు గంట కూడా చెప్పలేదని నిరాశపడి వస్తారు. అక్కడ ఎరుకను నేర్పేది ముఖ్యంగా నియమాలూ, పనులూ, టైమ్‌టేబులూ. కళ్లు మూసుకుని కూర్చోవడం అందులో ఒక భాగం మాత్రమే. ఈ సంగతి తెలుసుకుని వెళ్లేవాళ్లకు వారం రోజుల్లోనే చాలా దొరుకుతుంది. తెలియనివాళ్లు అదే వారం గడియారం చూసుకుంటూ గడుపుతారు.

మొదటి అడుగు: ఇది మీకు సరిపడుతుందా

పది రోజుల విపశ్యన ధ్యాన శిబిరం వేరు, విహారంలో ఉండటం వేరు. హైదరాబాద్‌లో నాగార్జునసాగర్ రోడ్డు మీద ధమ్మఖేత్త అనే విపశ్యన కేంద్రం 1976 నుంచి నడుస్తోంది. అక్కడ వచ్చినవాళ్లందరి కోసం ఒక కోర్సు ఉంటుంది, రోజూ సూచనలు ఉంటాయి, రోజులో ఎక్కువ భాగం కూర్చునే ఉంటారు. విహారంలో మీ కోసమని ఏదీ నడవదు. అక్కడ అప్పటికే ఒక జీవితం నడుస్తూ ఉంటుంది, మీరు వెళ్లి అందులో కలుస్తారు. ఎప్పుడూ గంటసేపు కదలకుండా కూర్చోనివాళ్లు ముందు అలాంటి కోర్సు ఒకటి చేసి వెళ్తే మంచిదని నా అభిప్రాయం. తప్పనిసరి మాత్రం కాదు.

షుగర్‌కి మందులు వాడేవాళ్లు రోజుకు ఒకే పూట తినే పద్ధతి గురించి డాక్టర్‌తో మాట్లాడకుండా బయల్దేరవద్దు. డిప్రెషన్‌కో మరో మానసిక సమస్యకో మందులు వాడుతున్నవాళ్లు ఆ సంగతి విహారానికి ముందే రాయాలి, మందులు ఆపకూడదు. ఏకాంతం అన్ని మనసులకూ, అన్ని వేళల్లోనూ మేలు చేయదు.

రెండో అడుగు: ఇంట్లో తయారీ

బయల్దేరడానికి రెండు మూడు వారాల ముందు నుంచి నాలుగు అలవాట్లు మార్చుకోండి.

మధ్యాహ్నం తర్వాత తినడం తగ్గించండి. మొదట రాత్రి భోజనం మానేసి సాయంత్రం ఏదైనా పళ్లరసం తాగండి. కాఫీ, టీ నెమ్మదిగా పాలు లేకుండా అలవాటు చేసుకోండి. విహారంలో మధ్యాహ్నం దాటాక పాలు ఆహారం కిందే లెక్క, కాబట్టి ఫిల్టర్ కాఫీ ఆశ వదులుకోవాలి. ఒక్కసారిగా మానేస్తే మొదటి రెండు రోజులూ తలనొప్పితోనే సరిపోతుంది.

పడుకునే వేళను కూడా ముందుకు జరపండి. అక్కడ తెల్లవారుజామున మూడింటికి గంట కొడతారు. తొమ్మిదిన్నరకల్లా పడుకోవడం ఇక్కడే అలవాటైతే అక్కడ సగం బాధ తప్పుతుంది.

నేల మీద కూర్చోవడం సాధన చేయండి. డైనింగ్ టేబుళ్లు వచ్చాక మన మోకాళ్లు కూడా ఆ విద్య మరిచిపోయాయి. రోజుకు ఇరవై నిమిషాలతో మొదలుపెట్టి నలభై ఐదుకు తీసుకెళ్లండి. థాయ్‌లాండ్‌లో పెద్దల ముందు రెండు కాళ్లూ ఒక పక్కకు మడిచి కూర్చుంటారు, దాన్నీ ప్రయత్నించండి. అలవాటు లేనివాళ్లకు బాసింపట్టు కన్నా అదే ఎక్కువ నొప్పి పుట్టిస్తుంది.

ఇక చివరిది ఫోన్. రోజులో ఒక పూట దాన్ని ఆఫ్ చేసి బీరువాలో పెట్టేయండి. ఆ పూట చెయ్యి ఎన్నిసార్లు జేబు దగ్గరికి వెళ్తుందో గమనించండి. ఎరుక సాధన అక్కడే మొదలైనట్టు.

వీలైతే వెళ్లే ముందు ఒకసారి విశాఖ, భీమిలి దారిలో ఉన్న తొట్లకొండ ఎక్కండి. కొండ మీద రాతిలో తొలిచిన నీటి తొట్లు, వరసగా చిన్న చిన్న గదుల పునాదులు, అందరూ కలిసే మండపం, విడిగా భోజనశాల, వంటిల్లు కనిపిస్తాయి. ఒక్కో గదికి ఒక్కో మనిషి, మధ్యలో అందరిదీ అయిన చోటు, నీటికి పటిష్ఠమైన ఏర్పాటు. రెండు వేల ఏళ్ల కిందటి ఆ ప్లానే బుంగ్ వాయ్ అడవిలో చెక్క కుటీరాల రూపంలో మళ్లీ కనిపిస్తుంది. నాగార్జునకొండలో అయితే సింహళ థేరవాదుల (శ్రీలంకకు చెందిన బౌద్ధ శాఖవాళ్ల) కోసం బోధిసిరి అనే ఉపాసిక కట్టించిన చైత్యగృహం (స్తూపం ఉన్న ఆరాధనా మందిరం) గురించి శాసనమే ఉంది. థాయ్‌లాండ్‌లో ఇప్పుడు నడుస్తున్నదీ ఆ థేరవాదమే.

మూడో అడుగు: అనుమతి, ప్రయాణం, సామాను

చెప్పకుండా వెళ్లకండి. అతిథులకు చోటు తక్కువ. కొన్ని వారాల ముందే రాసి, మీ వయసు, ధ్యానంలో అనుభవం, ఆరోగ్యం, ఎప్పటి నుంచి ఉండాలనుకుంటున్నారో చెప్పి, జవాబు వచ్చాకే టికెట్లు కొనండి. మొదటిసారి వచ్చినవాళ్లకు మామూలుగా కొద్ది రోజులకే అనుమతిస్తారు. పద్ధతి కుదిరిందనిపిస్తే పొడిగిస్తారు.

కాలం ఎంచుకోవడం కూడా ముఖ్యమే. మామూలుగా జులైలో వచ్చే పౌర్ణమి మర్నాటి నుంచి మూడు నెలలు వర్షావాసం. భిక్షువులు ఆ మూడు నెలలూ ఒకే చోట ఉంటారు, సాధన గట్టిగా సాగుతుంది, కొత్తవాళ్లకు చోటు దొరకడం కష్టం. మార్చి, ఏప్రిల్‌లో ఈశాన్య థాయ్‌లాండ్ ఎండ మన రెంటచింతల ఎండకు తీసిపోదు. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా హాయి. కాకపోతే రాత్రి చలి పుడుతుంది, పల్చని శాలువా ఉంచుకోండి.

హైదరాబాద్ నుంచి బ్యాంకాక్‌కు నేరుగా విమానం ఉంది. అక్కడి నుంచి ఉబోన్ దాదాపు 575 కిలోమీటర్లు. విమానంలో గంట ప్రయాణం, కానీ నేనైతే రాత్రి రైలే ఎక్కమంటాను. ఉబోన్ స్టేషన్ నిజానికి నది ఇవతల వారిన్ చమ్రాప్‌లో ఉంది, విహారమూ ఆ వైపే. పొద్దున్నే దిగి నేరుగా వెళ్లిపోవచ్చు. వీసా నియమాలు తరచూ మారుతుంటాయి, టికెట్‌కు ముందే చూసుకోండి.

సామాను విషయంలో పొదుపు పాటించండి. వదులైన తెల్ల ప్యాంట్లు, తెల్ల చొక్కాలు మగవాళ్లకు. ఆడవాళ్లకు భుజాలు కప్పే తెల్ల జాకెట్టు, మడమల దాకా వచ్చే లంగా. మంచి టార్చి, దాని కోసం బ్యాటరీలు, సులువుగా విడిచే చెప్పులు, గొడుగు, వాసన లేని సబ్బు, దోమలకు పూసుకునే మందు, అలారం గడియారం. దోమల బ్యాట్ తీసుకెళ్లకండి. ఎందుకో మొదటి శీలం తీసుకున్నప్పుడు తెలుస్తుంది.

నాలుగో అడుగు: చేరిన రోజు

అతిథుల బాధ్యత చూసే భిక్షువు ఒకరు ఉంటారు. ఆయన కుటీరం చూపించి, నియమాలు చెబుతారు. మూడు రోజులకు మించి ఉండే మగవాళ్లు తల, గడ్డం, కనుబొమలు కూడా గొరిగించుకోవాలి. కనుబొమలు తీయడం థాయ్ ఆచారం. మనవాళ్లకు గుండు కొత్త కాదు, తిరుపతికి వెళ్లొచ్చిన తలలే. కనుబొమలు లేని ముఖం అద్దంలో చూసుకుంటే మాత్రం ఉలిక్కిపడతారు. అది కూడా పాఠమే.

తర్వాత అష్టశీలాలు అడగాలి. శీలాలు ఎవరూ రుద్దరు, మీరే మోకరిల్లి పాళిలో అడగాలి, అప్పుడే ఇస్తారు. తెలుగువాళ్లకు ఇక్కడ పెద్ద సౌకర్యం ఉంది. "పాణాతిపాతా వేరమణీ సిక్ఖాపదం సమాదియామి" అని చదువుతుంటే సంస్కృతం తెలిసిన చెవికి ప్రాణం, పాతం, శిక్షాపదం వినిపిస్తూనే ఉంటాయి. యూరోపియన్లు కాగితం చూసి తడబడే చోట మనం గడగడా చదివేస్తాం. ఎనిమిదీ ఇవి: ప్రాణం తీయకపోవడం, ఇవ్వనిది తీసుకోకపోవడం, బ్రహ్మచర్యం, అబద్ధమాడకపోవడం, మత్తు ముట్టకపోవడం, మధ్యాహ్నం దాటాక తినకపోవడం, ఆటపాటలూ అలంకారాలూ వదలడం, ఎత్తైన విలాసమైన పడక వాడకపోవడం.

మర్యాదల జాబితా పెద్దదే, కానీ ముఖ్యమైనవి కొన్నే. బుద్ధ విగ్రహానికీ, పెద్ద భిక్షువులకూ మూడుసార్లు నేలకు నుదురు తాకించి వందనం చేయాలి. కాళ్లు వాళ్ల వైపు చాపకూడదు. వాళ్లు కింద కూర్చుంటే మీరు పైన కూర్చోకూడదు. చేతిలో చెయ్యి కలపబోకండి. ఆడవాళ్లు భిక్షువును తాకకూడదు, చేతికి చెయ్యిగా ఏదీ ఇవ్వకూడదు; ఆయన పరిచిన గుడ్డ మీద పెట్టాలి. డబ్బు ఏ భిక్షువు చేతికీ ఇవ్వకండి. డబ్బు ముట్టడం వాళ్ల వినయానికి, అంటే భిక్షువుల నియమావళికి, విరుద్ధం. దానం చేయాలనుకుంటే అక్కడి గృహస్థ కార్యనిర్వాహకులను అడగండి. పదేళ్ల వర్షావాసాలు పూర్తయినవాళ్లను "ఆజాన్" అంటారు. ఎలా పిలవాలో తెలియకపోతే "భంతే" అంటే సరిపోతుంది.

ఎవరు ముందు, ఎవరు వెనక అనేది వయసును బట్టి ఉండదు, చదువును బట్టీ ఉండదు. ముందు దీక్ష తీసుకున్నవాడు పెద్ద. గంట ముందు దీక్ష తీసుకున్న ఇరవై ఏళ్ల కుర్రాడి వెనక అరవై ఏళ్ల ప్రొఫెసర్ నిలబడతాడు. అతిథులందరూ ఆ వరసలో చివర. ఆఫీసులో నలుగురి చేత "సార్" అనిపించుకునేవాళ్లకు మొదటి రోజు ఇది కొంచెం గుచ్చుకుంటుంది.

ఐదో అడుగు: రోజులో కలిసిపోవడం

మూడింటికి గంట. మూడున్నరకు శాలలో వందన, పారాయణ, తర్వాత ధ్యానం. వెలుతురు రాగానే భిక్షువులు చెప్పుల్లేకుండా చుట్టుపక్కల పల్లెలకు భిక్షకు బయల్దేరతారు. గుమ్మాల ముందు ఊరివాళ్లు వేడివేడి జిగురు అన్నం ముద్దలు పాత్రల్లో వేస్తారు. ఎవరూ ఏమీ అడగరు, ధన్యవాదాలూ చెప్పరు. ఆ సమయంలో అతిథులు వంటింట్లో సాయం చేస్తారు, లేదా ఆకులు ఊడుస్తారు. ఎనిమిది ప్రాంతంలో భోజనం. తర్వాత గిన్నెలు, శుభ్రం, ఏదో ఒక పని. మధ్యాహ్నం కుటీరంలో సొంత సాధన. సాయంత్రం నాలుగు దాటాక టీ లాంటి పానీయం, దానితో పాటు ప్రశ్నలు అడిగే అవకాశం. చీకటిపడ్డాక మళ్లీ వందన, ధ్యానం. వారానికోసారి వచ్చే వాన్ ఫ్రా నాడు, అంటే చంద్రుని దశల ప్రకారం వచ్చే ఉపోసథ (విశేష సాధన) దినాన, చాలామంది రాత్రంతా మేలుకుని కూర్చుంటారు.

ఇందులో చీపురు దగ్గర ఆగాలి. అడవిలో ఆకులు రాలుతూనే ఉంటాయి, నిన్న ఊడ్చిన దారి ఈ రోజు మళ్లీ నిండిపోతుంది. పొడుగు కర్ర చీపురుతో పొడవాటి ఊపుల్లో ఊడుస్తారు. కొత్తవాళ్లు తొందరగా ముగించి వెళ్లి ధ్యానం చేసుకుందామని చూస్తారు. అక్కడ చేయవలసింది ఇది: ఒక్కో ఊపుతో భుజం కదలికను, చీపురు నేలను రాసే చప్పుడును తెలుసుకుంటూ ఉండండి. "ఇంకా ఎంత ఉంది" అనే ఆలోచన వస్తే అది వచ్చిందని చూసి, మళ్లీ చీపురు దగ్గరికి రండి. ఆజాన్ చా 1954లో వాట్ నాంగ్ పా పాంగ్ అనే తన విహారం పెట్టినప్పటి నుంచీ శిష్యులకు ఇచ్చిన శిక్షణలో ఇలాంటి పనులు చాలా ఉండేవి: బావి నీళ్లు తోడి కావడి మీద మోయడం, దారులు వేయడం, ఊడవడం. పనికీ ధ్యానానికీ మధ్య గీత గీయడాన్ని ఆయన ఒప్పుకునేవారు కాదు.

వినయంలోని చిన్న చిన్న సూచనలు చదివితే ఈ సంగతి ఇంకా తేటపడుతుంది. పాత్రను మంచం కింద పెట్టేటప్పుడు ఒక చేత్తో పాత్ర పట్టుకుని, రెండో చేత్తో ముందు మంచం కింద తడిమి చూసి, అప్పుడు పెట్టాలి. చీవరం మడిచేటప్పుడు అంచులు నాలుగు వేళ్ల తేడాతో ఉంచాలి, లేకపోతే రోజూ ఒకే మడత పడి నడిమికి చిరుగుతుంది. మరుగుదొడ్డి దగ్గరికి వెళ్తే బయట నిలబడి దగ్గాలి. లోపల ఎవరైనా ఉంటే వాళ్లూ దగ్గాలి. అక్కడ మాత్రం సీనియారిటీ పనికిరాదు, ముందు వచ్చినవాళ్లదే ముందు. నవ్వొచ్చేలా ఉన్నా, వీటిలో ప్రతి ఒక్కటీ పరధ్యానంగా చేయడానికి వీల్లేకుండా పెట్టినదే. అతిథులకు ఇవన్నీ వర్తించవు. కానీ ఏవైనా రెండు ఎంచుకుని పాటించి చూడండి. తలుపు చప్పుడు కాకుండా వేయడం, చెప్పులు సరిగ్గా పక్కపక్కన విడవడం చాలు. రోజుకు ఎన్నిసార్లు మరిచిపోయారో సాయంత్రానికి మీకే తెలుస్తుంది.

ఆరో అడుగు: ఒక్క పూట భోజనం

తెలుగువాళ్లకు అసలు పరీక్ష ఇక్కడే. భిక్షలో వచ్చినదీ, ఊరివాళ్లు తెచ్చినదీ, వంటింట్లో వండినదీ కలిపి వరసగా పెడతారు. భిక్షువులు సీనియారిటీ ప్రకారం తీసుకున్నాక అతిథుల వంతు. జిగురు అన్నం, పచ్చి బొప్పాయి సలాడ్, పులియబెట్టిన చేపల పులుసు వాసన, కూరగాయలు, మాంసం, పళ్లు, మిఠాయి అన్నీ ఉంటాయి. అన్నీ ఒకే గిన్నెలో పడతాయి.

శాకాహారులు మాంసం తీసుకోనక్కర్లేదు, కానీ తమ కోసం వేరే వండమని అడగకూడదు. బౌద్ధ విహారంలో మాంసమా అని ఆశ్చర్యపోయేవాళ్ల కోసం: భిక్షువు ఎవరు ఏది పెడితే అది తీసుకోవాలి. ఆ జంతువును తన కోసమే చంపినట్టు చూసినా, విన్నా, అనుమానం వచ్చినా తినకూడదు. భిక్షువులందరూ మాంసం మానేయాలని నియమం పెట్టమని దేవదత్తుడు అడిగితే బుద్ధుడు ఒప్పుకోలేదని వినయం చెబుతోంది. ఈ వాదంలో మీ పక్షం ఏదైనా, వంటింట్లో మాత్రం దాన్ని ఎత్తకండి.

తినే ముందు ఒక తలపోత చదువుతారు. ఈ తిండి సరదా కోసం కాదు, మదం కోసం కాదు, ఒంటి అందం కోసం కాదు, ఈ శరీరం నిలబడి సాధన సాగడానికి మాత్రమే అని దాని సారాంశం. తర్వాత అందరూ మౌనంగా తింటారు.

భిక్షువుల మర్యాద నియమాలు 75 ఉంటే అందులో 30 తిండి గురించే. "చపుచపు" చప్పుడు చేస్తూ తినకూడదు, "సురుసురు" అని జుర్రకూడదు అని పాళిలో అచ్చంగా ఆ మాటలే ఉన్నాయి. చెయ్యి నాకకూడదన్నది ఇంకొకటి. గోంగూర అన్నం తిని వేళ్లు నాకే జాతికి ఇది గట్టి దెబ్బే.

సాధనగా చేయాలంటే ఇలా చేయండి. వడ్డించుకునేటప్పుడే "ఇది మళ్లీ దొరకదు, రేపటిదాకా ఏమీ లేదు" అనే భయం గిన్నెను నింపేస్తుంది. ఆ భయాన్ని గరిటె పట్టుకున్న చేతిలోనే గమనించండి. తినేటప్పుడు ముద్ద మింగాకే తర్వాతి ముద్ద కలపండి. ఇంకో ఐదు ముద్దలు తింటే కడుపు నిండుతుందనిపించినప్పుడు ఆపి నీళ్లు తాగండి. అతిగా తిన్న రోజు మధ్యాహ్నం ధ్యానం అంతా కునుకే.

సాయంత్రం ఆకలి విషయానికొస్తే, మూడో రోజుకల్లా అది సగానికి సగం అలవాటేనని తెలిసిపోతుంది. టీలో చక్కెర వేసుకోవచ్చు. తేనె, నెయ్యి, బెల్లం లాంటివి ఔషధంగా అనుమతించినవే.

ఏడో అడుగు: కూర్చోవడం, నడవడం

ఎరుక గురించిన మూల బోధ సతిపట్ఠాన సుత్తం. బుద్ధుని బోధల సంకలనాల్లో ఒకటైన మజ్ఝిమ నికాయంలో పదోది. కురుదేశంలోని కమ్మాసధమ్మ అనే ఊళ్లో బుద్ధుడు చెప్పినది. ఎరుకను నిలపడానికి నాలుగు చోట్లు చూపించాడు: శరీరం, వేదన, చిత్తం, ధర్మాలు. ఇక్కడ వేదన అంటే ఏడుపు కాదు, హాయి, బాధ, రెండూ కాని స్థితి అనే మూడు రకాల అనుభూతి.

కొత్తవాళ్లు శరీరంతోనే మొదలుపెట్టాలి. థాయ్ అరణ్య పరంపరలో సులువైన పద్ధతి ఒకటి ఉంది. ఊపిరి తీసుకుంటూ మనసులో "బుద్", విడుస్తూ "ధో" అనుకోవడం. ముక్కు కొన దగ్గర ఊపిరి తాకిడి తెలిసేచోట మనసు పెట్టండి. ఊపిరిని సరిచేయబోకండి. మనసు ఎటో వెళ్తుంది. వెళ్లిందని తెలిసిన క్షణాన విసుక్కోకుండా తిరిగి రండి. ఆ తెలియడమే ఎరుక, కాబట్టి వందసార్లు తప్పిపోయి వందసార్లు తెలుసుకున్న గంట వృథా అయినట్టు కాదు.

మోకాలి నొప్పి మొదలవుతుంది. వెంటనే కదలకండి, అలాగని పంతానికి పోయి మోకాలు పాడుచేసుకోకండి కూడా. ముందు నొప్పిని చూడండి: మంటా, పోటా, లాగుతోందా? తర్వాత దాని మీద మనసు చేసే గోలను విడిగా చూడండి: "ఇంకెంతసేపు", "నాకే ఎందుకు". సుత్తంలోని రెండో, మూడో చోట్లు ఇవే. ఒంటి నొప్పి ఒకటి, మనసు గోల ఇంకొకటి అని ఒక్కసారి కనిపించినా మీ ప్రయాణం ఖర్చు వచ్చినట్టే. ఆ తర్వాత కావాలంటే నెమ్మదిగా, కదులుతున్నానని తెలుసుకుంటూ కాలు మార్చుకోండి.

నిద్ర విషయంలో బుద్ధుడు తన శిష్యుడు మొగ్గల్లానుడికి ఇచ్చిన సలహా మూడింటికి లేచేవాళ్లందరికీ పనికొస్తుంది. కునుకు వస్తే ముందు ఏ ఆలోచనతో ఉంటే కునుకు వచ్చిందో దాన్ని వదులు. పోకపోతే నేర్చుకున్న ధర్మాన్ని తలుచుకో, వల్లించు. పోకపోతే చెవులు లాక్కో, ఒళ్లు రుద్దుకో. పోకపోతే లేచి కళ్లు కడుక్కుని నక్షత్రాల వైపు చూడు. వెలుతురును మనసులో తలుచుకో. నడువు. అదీ కుదరకపోతే కుడివైపు తిరిగి, లేచే వేళ మనసులో పెట్టుకుని పడుకో. ఇంత దయగా చెప్పాక కూడా శాలలో గురక పెట్టి పరువు పోగొట్టుకోవడం దేనికి, లేచి నిలబడండి. నిలబడి ధ్యానం చేయడం అక్కడ మామూలే.

ప్రతి కుటీరం పక్కనా నడక దారి ఒకటి ఉంటుంది. ఇరవై ముప్పై అంగల పొడవు, చదునుగా ఊడ్చిన నేల. ఒక చివర నిలబడి చేతులు ముందుకు కలిపి పట్టుకోండి. చూపు కొంచెం ముందు నేల మీద ఉంచి మామూలు వేగంతో నడవండి, అరికాలు నేలను తాకడం తెలుసుకుంటూ. చివరకు చేరాక ఆగండి. మనసు ఇక్కడే ఉందా అని చూసుకుని, తిరిగి నడవండి. నెమ్మదిగా నడిస్తేనే ధ్యానం అనేం లేదు. కోపంగా ఉంటే కాస్త వేగంగా, నిద్రమత్తుగా ఉంటే ఇంకా వేగంగా నడవండి. కూర్చుని ఎంతకీ కుదరనివాళ్లకు నడకే దారి చూపడం మామూలు. నన్నడిగితే మొదటి వారం కూర్చోవడం కన్నా నడకకే ఎక్కువ సమయం ఇవ్వండి. రాత్రి నడిచేటప్పుడు టార్చి మరవద్దు, తేళ్లూ పాములూ ఆ దారిలో మీకన్నా ముందు నుంచీ ఉన్నాయి.

మిగతా సమయానికి ఆ సుత్తమే పని చెబుతుంది. ముందుకు వెళ్తున్నా, వెనక్కి వస్తున్నా, చెయ్యి చాపినా, ముడిచినా, తిన్నా, తాగినా, నమిలినా, మలమూత్రాలకు వెళ్లినా, మాట్లాడినా, మౌనంగా ఉన్నా తెలిసి చేయడం. ఇందులో ధ్యానశాల ప్రస్తావనే లేదు.

కష్టమైన రోజులు

రెండో రోజో, మూడో రోజో కోపం వస్తుంది. పక్క కుటీరంలో ఉన్నవాడు దగ్గే తీరు మీద, వంటింట్లో ఉప్పు మీద, నియమాల మీద. తర్వాత సందేహం వస్తుంది: ఇదంతా ఎందుకు, ఇంటి దగ్గర పనులు పెట్టుకుని? కోరిక, ద్వేషం, నిద్రమత్తు, అలజడి, సందేహం అనే ఐదింటినీ బౌద్ధం అడ్డంకులుగా లెక్కపెట్టింది. అవి వస్తే సాధన చెడినట్టు కాదు. సుత్తం ప్రకారం నాలుగో చోట చూడవలసిన వాటిలో మొదటివి అవే. వచ్చినప్పుడు "వచ్చింది", లేనప్పుడు "లేదు" అని తెలుసుకోవాలి.

గొప్ప శాంతి కలిగిన రోజు కూడా జాగ్రత్త. దీక్ష తీసుకోవాలనే నిర్ణయాలు ఆ సాయంత్రమే పుడతాయి. ఏ అనుభవం వచ్చి చెప్పినా "ఖచ్చితం కాదు" అని గుర్తుచేయడం ఆజాన్ చాకు అలవాటు. నిజంగా సన్యసించాలనుకునేవాళ్లను కూడా విహారం తొందరపెట్టదు. ముందు కొన్ని నెలలు తెల్లబట్టల్లో అష్టశీలాలతో, తర్వాత దాదాపు ఏడాది సామణేరుడిగా (తొలి దీక్ష తీసుకున్నవాడిగా), ఆపైనే భిక్షువుగా. భిక్షువయ్యాక ఐదేళ్లు గురువు నీడలోనే ఉండాలి. 227 నియమాల పాతిమోక్ఖాన్ని పదిహేను రోజులకోసారి కలిసి వింటారు.

ఆడవాళ్లకు ఒక మాట

నానాచాట్‌లో ఆడవాళ్లు అతిథులుగా ఉండవచ్చు, బస వేరుగా ఉంటుంది. కానీ అక్కడ భిక్షుణిగా దీక్ష ఇవ్వరు. ఈ పరంపరలో ఇది తేలని వివాదం. 2009లో ఆస్ట్రేలియాలోని పెర్త్ దగ్గర బోధిన్యాన విహారం భిక్షుణీ దీక్షలు జరిపినందుకు దాన్ని వాట్ నాంగ్ పా పాంగ్ సంఘం తన శాఖల నుంచి తప్పించింది. ఇంత శ్రద్ధగా మనసును చదివే సంప్రదాయం ఈ విషయంలో వెనకబడే ఉందని నా అభిప్రాయం. దీర్ఘకాలం సాధన చేయాలనుకునే మహిళలు ఇంగ్లండ్‌లోని అమరావతి లాంటి చోట్ల సీలధరల (పది శీలాల దీక్ష తీసుకున్న సన్యాసినుల) సంఘాన్నీ, ఆస్ట్రేలియాలోని భిక్షుణీ విహారాలనూ కూడా విచారించుకోవడం మంచిది.

చివరి అడుగు: వీడ్కోలు, ఇంటికొచ్చాక

వెళ్లే ముందురోజు పరుపు గుడ్డలు ఉతికి, కుటీరం ఊడ్చి, దారి ఊడ్చి అప్పగించండి. తెలిసీ తెలియక చేసిన తప్పులకు పెద్ద భిక్షువును క్షమాపణ అడగడం, ఎనిమిది శీలాల స్థానంలో గృహస్థుల ఐదు శీలాలు తీసుకోవడం ఆనవాయితీ. దానం ఇవ్వాలనుకుంటే అప్పుడే పెట్టెలో వేయండి. ఎంత అని ఎవరూ చెప్పరు.

ఇంటికొచ్చి మూడింటికి లేవాలని చూడకండి, వారం కూడా నిలవదు. అంతకన్నా తేలికైన దారి ఒకటి ఉంది, దానికి కావలసిన సామాను ఇప్పటికే మన గోడ మీద వేలాడుతోంది. ఉపోసథ దినాలు పౌర్ణమి, అమావాస్య, అష్టములను బట్టే వస్తాయి, ఏ తెలుగు క్యాలెండర్‌లోనైనా దొరుకుతాయి. థాయ్ లెక్కతో ఒక రోజు అటూ ఇటూ అయినా నష్టం లేదు. మొదట నెలకు ఒక్క పౌర్ణమి ఎంచుకోండి. ఆ రోజు పొద్దున అష్టశీలాలు మీకు మీరే చదువుకోండి, మధ్యాహ్నం పన్నెండులోపు తినేయండి, సాయంత్రం టీవీ, ఫోన్ పక్కన పెట్టి గంటసేపు డాబా మీద నడవండి, కింద చాప మీద పడుకోండి. ఆ రాత్రి భోజనం చేయనని ఇంట్లోవాళ్లకు ముందురోజే చెప్పండి. వండి పెట్టినవాళ్లకు అప్పటికప్పుడు వద్దంటే ఆ కోపం ముందు మీ ఉపోసథం నిలవదు.